మామయ్యగారి ఆక్సిజన్ మిషను, బావగారి వాటర్ ప్లాంటు, మధ్యలో మా కాలనీ కరెంటు

ఆంధ్రా నుంచి ఒకావిడ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఊరి పేరు, పేర్లు ఏవీ బయటపెట్టొద్దన్నారు కాబట్టి విషయం వరకే చెప్తా.

ఆవిడకి 41 ఏళ్ళు, ప్రైవేటు స్కూల్లో టీచర్. వాళ్ళది చిన్న టౌను చివర ఉన్న కాలనీ, ఒకప్పుడు వరి పొలం, ప్లాట్లు వేసి అమ్మారు. పదకొండేళ్ళ కింద వీళ్ళు ఇల్లు కట్టుకునేటప్పటికి ఇరవై ఇళ్ళున్నాయట, అప్పుడు పెట్టిన 63 కేవీఏ (అది మొయ్యగల లోడు కొలత) ట్రాన్స్‌ఫార్మరే ఇప్పుడు 64 ఇళ్ళకీ దిక్కు. ఎండాకాలం వచ్చిందంటే సాయంత్రం ఏడు దాటగానే ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు, రాత్రి పదకొండు ప్రాంతంలో ఫ్యూజు పోతుంది, మళ్ళీ ఒంటిగంటకో రెండింటికో వస్తుంది. వీళ్ళ ఇల్లు లైనులో చివరి పోలు. పోయినేడు ఫ్రిజ్ కంప్రెసర్ పోయింది, ఈ ఏడు ఒక్క రాత్రిలో టీవీ, సెట్‌టాప్ బాక్సు, వైఫై రౌటర్ మూడూ కాలిపోయాయి. ఇవన్నీ పర్లేదు గానీ ఇంట్లో మామయ్యగారికి 74 ఏళ్ళు, సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు, డాక్టరు రోజుకి 15 గంటలు తగ్గకుండా ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్, అంటే కరెంటు మీద నడుస్తూ గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే మిషను, పెట్టుకోమన్నారు. కరెంటు పోయిన ప్రతిసారీ ఆయన మంచం మీద లేచి కూర్చుని కిటికీ ఊచ పట్టుకుని గాలి పీల్చుకుంటూ ఉంటే ఈవిడ విసనకర్రతో విసురుతూ లైన్‌మ్యాన్‌కి ఫోన్ చేస్తూ ఉంటారు.

పోయిన నెల ఒక రాత్రి వరసగా మూడోసారి ఫ్యూజు పోయేసరికి కుర్రాళ్ళు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికెళ్ళి, అప్పుడే బండి దిగుతున్న లైన్‌మ్యాన్ కాలర్ పట్టుకున్నారు. ఈవిడ మధ్యలోకెళ్ళి విడిపించారు. అప్పట్నుంచి కాలనీ వాట్సాప్ గ్రూపులో "టీచరుగారు డిపార్ట్‌మెంట్ మనిషి" అని మాటలు. ఆ లైన్‌మ్యాన్ పాతికేళ్ళ పిల్లాడు, కాంట్రాక్టు మీద చేస్తున్నాడు, తర్వాత ఒకరోజు ఈవిడతో మెల్లిగా చెప్పాడట, "అక్కా, మీ బావగారి వాటర్ ప్లాంటు ఇంటి మీటరు మీదే నడుస్తోంది, సాయంత్రం పూట మీటర్ దాటించి కూడా లాగుతున్నారేమో అని నాకు డౌటు, నేను చెప్పానని అనకండి" అని. బావగారు అంటే ఆవిడ భర్త అన్నగారు, పక్క వీధే. మామయ్యగారి హాస్పిటల్ బిల్లులో సగం పైన ఆయనే కట్టారు, ఇంకా అన్నదమ్ముల పొలం పంపకాలు కాలేదు. భర్తకి చెప్తే "నువ్వు కదిలించకు, ఇప్పుడు వద్దు" అంటారు.

ఇప్పుడు కాలనీలో మూడు మాటలు నడుస్తున్నాయి. అందరూ కలిసి బిల్లులు కట్టడం మానేద్దామని కొందరు, మెయిన్ రోడ్డు మీద బైఠాయిద్దామని కొందరు, ఇంటికి మూడు వేలు వేసుకుని ఒక కాంట్రాక్టరు చేతిలో పెడితే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ వచ్చేస్తుందని, రసీదు మాత్రం ఉండదని ఇంకొందరు. దేనికైనా సరే ముందు సంతకం టీచరుగారిదే ఉండాలని పట్టు. ఆవిడ అడిగింది ఇది: "కంప్లైంట్ గట్టిగా పెడితే ఇన్‌స్పెక్షన్‌కి వస్తారు, బావగారు దొరుకుతారు, ఇల్లు రెండవుతుంది. పెట్టకపోతే మామయ్యగారి ఊపిరి. నేనేం చెయ్యాలి?"

అమ్మా,

మీ ఉత్తరం చదివాక నాకు మొదట కళ్ళ ముందుకొచ్చింది ఆ కిటికీ ఊచ. అందుకే కాలనీ, బావగారు, గ్రూపు అన్నీ తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ గదిలో ఈ రాత్రికి ఏం చెయ్యొచ్చో చూద్దాం. ట్రాన్స్‌ఫార్మర్ రావటానికి మీరు ఎంత తొందరపడ్డా వారాలు పడుతుంది, ఆయన ఊపిరి అన్ని వారాలు ఆగదు కదా.

ఇంట్లో ఇన్వర్టర్ ఉందని రాశారు, అయినా "పనిచెయ్యట్లేదు" అన్నారు. వెనక ఒక చిన్న స్విచ్ ఉంటుంది, చాలా కంపెనీల వాటికి ఉంటుంది, యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని. నార్మల్‌లో పెడితే బయట 130 వోల్టులొచ్చినా అదే ఇంట్లోకి పంపిస్తుంది, బ్యాటరీ జోలికి వెళ్ళదు. యూపీఎస్‌లో పెడితే దాదాపు 180 దగ్గర బ్యాటరీకి మారిపోతుంది. ఆ మిషను విషయంలో ఇది పెద్ద తేడా, ఎందుకంటే వోల్టేజీ బాగా తగ్గితే మిషను తిరుగుతున్నట్టే చప్పుడొస్తుంది గానీ వచ్చే గాలిలో ఆక్సిజన్ శాతం పడిపోవచ్చు. మీరు "మిషను ఆన్‌లోనే ఉంది, అయినా ఆయాసం" అని రాసింది బహుశా ఇదే. ఐదు లీటర్ల మిషను సుమారు 350 వాట్లు తింటుంది, 150 ఏహెచ్ బ్యాటరీ కొత్తదైతే, దాని మీద వేరే ఏదీ నడపకుండా ఉంటే మూడు గంటలు ఇస్తుందనుకోవచ్చు. పాతదైతే అందులో సగమే. కాబట్టి రాత్రిళ్ళు ఇన్వర్టర్ మీద ఆ మిషను, ఒక చిన్న లైటు, అంతే, హాల్లో ఫ్యాన్లు తీయించెయ్యండి. ఇంకోటి, సాయంత్రమంతా 180 లోపే ఉంటే యూపీఎస్ మోడ్‌లో బ్యాటరీ ఏడింటికే ఖర్చవటం మొదలవుతుంది, పదకొండింటికి అసలు అవసరమొచ్చే వేళకి ఖాళీ. అందుకని మిషను ముందు మంచి స్టెబిలైజర్ ఒకటి పెట్టించటం గురించి మిషను అమ్మినవాళ్ళనే అడగండి, ఏ రేంజిది కావాలో వాళ్ళకి తెలుసు.

దీనికి తోడు ఒక బి టైప్ సిలిండర్ అద్దెకి తెచ్చి మంచం పక్కన పెట్టుకోండి. నిండుగా ఉంటే నిమిషానికి 2 లీటర్ల చొప్పున 12 గంటల దాకా వస్తుంది. ఆయాసంగా ఉంది కదా అని ఫ్లో మీరే పెంచకండి, ఈ జబ్బులో ఎక్కువ ఆక్సిజన్ కూడా చేటే, డాక్టరు చెప్పిన నంబరు ఒక కాగితం మీద రాసి సిలిండర్‌కి కట్టెయ్యండి. అత్తయ్యగారు దేవుడి దీపం అదే గదిలో పెడతారని రాశారు, ఆ దీపం, అగరబత్తి వేరే గదిలోకి మార్చాల్సిందే. ఇది ఆవిడకి కష్టంగా ఉంటుందని తెలుసు, అయినా డాక్టరుగారి చేత చెప్పించండి.

ఇప్పుడు కరెంటు సంగతి. మీరు ఉత్తరంలో నాలుగు విషయాలు ఒక ముద్దలా కలిపి రాశారు, మీ మనసులో కూడా అవి అలాగే కలిసిపోయి ఉన్నాయి, అందుకే ఏది కదిపినా బావగారే కదులుతున్నట్టు అనిపిస్తోంది. నాకు మాత్రం అలా కనపడట్లేదు.

మొదటిది, లెక్క చూడండి. 64 ఇళ్ళు, నలభై ఏసీలైనా ఉంటాయని మీరే రాశారు. టన్నున్నర ఏసీ ఒకటి కిలోవాట్నర పైనే లాగుతుంది, నలభై ఒకేసారి వేస్తే 60 కిలోవాట్లు దాటింది, 63 కేవీఏ డబ్బా అక్కడికే నిండిపోయింది, ఇంకా ఫ్రిజ్‌లు, మోటార్లు, గీజర్లు ఏవీ లెక్కలోకి రాలేదు. బావగారి ప్లాంటు ఈ రాత్రి మూతపడినా మీ ఇంట్లో ఫ్యాను స్పీడు పెద్దగా మారదు. ఆయన చేస్తున్నది తప్పు కాదని నేననట్లేదు, తప్పే. కానీ మీ మామయ్యగారి ఊపిరి మొత్తం ఆయన ఒక్కడి వల్లే ఆగుతోందన్న బరువు మీరు మొయ్యక్కర్లేదు. ఆ బరువు దించుకుంటే తప్ప ఆయనతో మామూలుగా మాట్లాడలేరు.

రెండోది, మీ ఇల్లు చివరి పోలు. ట్రాన్స్‌ఫార్మర్ 100 కేవీఏ చేసినా, అక్కడ్నుంచి మీదాకా వచ్చే తీగ పాతదే అయితే దారిలో వోల్టేజీ తగ్గుతూనే వస్తుంది. కాబట్టి కాలనీ అడగాల్సింది "పెద్ద ట్రాన్స్‌ఫార్మర్" అని ఒక్కటే కాదు, చివరి వీధి దగ్గర రెండో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి లోడు రెండుగా విడగొట్టమని అడగండి. ఈ మాట కాగితంలో ఉండాలి, లేకపోతే పెద్దది పెట్టేసి వెళ్ళిపోతారు, మొదటి వీధి వాళ్ళు సంతోషిస్తారు, మీరు మళ్ళీ విసనకర్ర పట్టుకుంటారు.

మూడోది, ఒకే రాత్రి టీవీ, సెట్‌టాప్ బాక్సు, రౌటర్ పోయాయన్నారే, అది నాకు లో వోల్టేజీలా అనిపించలేదు. లో వోల్టేజీకి కాలేవి మోటార్లు, ఫ్రిజ్ కంప్రెసర్లు. టీవీలూ రౌటర్లూ కాలాయంటే ఆ రాత్రి ఎక్కువ వోల్టేజీ వచ్చుండాలి, అలా రావటానికి మామూలు కారణం న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్ళే తీగ, తెగటమో వదులవటమో. గుర్తు తెచ్చుకోండి, ఆ రాత్రి మీ ఇంట్లో లైట్లు ఒక్కసారిగా తెల్లగా మండి, ఎదురింట్లో మసగ్గా అయ్యాయా? అయితే అది న్యూట్రలే. ఇది మళ్ళీ జరిగితే ఒక్క క్షణం ఆలోచించకుండా మెయిన్ ఆపేసి 1912కి ఫోన్ చెయ్యండి. ఆ మిషను గనక ఆ సమయంలో ప్లగ్గులో ఉండి ఉంటే... నేను ఆ వాక్యం పూర్తి చెయ్యను. పోలు దగ్గర న్యూట్రల్ జాయింటు చూసి బిగించటం పెద్ద పనేం కాదు, కాగితాల్తో పని లేకుండా ఈ వారంలోనే అయ్యే పని. ఫేజులు, అంటే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇళ్ళకి కరెంటు తెచ్చే మూడు లైన్లు, సర్దటం కూడా అంతే. చాలా కాలనీల్లో ఏమవుతుందంటే "ఆ ఫేజ్‌లో బాగొస్తోంది, మమ్మల్ని దానికి మార్చు బాబూ" అని ఒక్కొక్కరే అడిగి మార్పించుకుని చివరికి నలభై ఇళ్ళు ఒకే ఫేజ్ మీదకి చేరతాయి, మిగతా రెండూ ఖాళీగా ఉంటాయి. ఇళ్ళని మూడు ఫేజులకీ సమానంగా పంచితే రూపాయి ఖర్చు లేకుండా కొంత తెరిపి వస్తుంది.

ఆ లైన్‌మ్యాన్ గురించి. మా మేనమామ లైన్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యాడు. రాత్రి పూట ఆయన వెనక నేనూ ఒకసారి వెళ్ళాను, చిన్నపిల్లని. సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి లైన్ క్లియర్ తీసుకోవాలి, పోలు మీద లైను ఆపే ఏబీ స్విచ్ దించాలి, టార్చి పళ్ళతో పట్టుకుని కటింగ్ ప్లేయర్‌తో ఫ్యూజు తీగ మెలేస్తుంటే కింద్నుంచి జనం "ఇంకో రెండు పోగులు ఎక్కువెయ్యి, మళ్ళీ పోకుండా" అని అరుస్తున్నారు. ఆయన వెయ్యలేదు. పోగులు ఎక్కువేస్తే ఫ్యూజు పోదు, ట్రాన్స్‌ఫార్మరే పోతుంది, అప్పుడు గంటలు కాదు రోజులు చీకట్లో ఉండాలి. ఆ రాత్రి ఆయన్ని తిట్టిన తిట్లు నాకింకా గుర్తున్నాయి. మీరు ఆ పిల్లాడి కాలర్ విడిపించి చాలా మంచి పని చేశారు, దానికి మీరు ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. డ్యూటీలో ఉన్న ఉద్యోగి మీద చెయ్యి చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 132 సెక్షన్ కింద రెండేళ్ళ దాకా జైలు పడొచ్చు, పాత చట్టంలో దీన్నే 353 అనేవాళ్ళు. ఆ రాత్రి మీరు ఆపింది ఆ కుర్రాళ్ళని కూడా. ఇది వాళ్ళ అమ్మలకి చెప్పండి, గ్రూపులో రాయకండి. గ్రూపులో రాసింది ఏదైనా గొడవే అవుతుంది.

ఇక కాలనీ వాళ్ళ మూడు మాటలు. బిల్లులు మానెయ్యటం వినడానికి బాగుంటుంది, అందరం కలిస్తే ఏం చేస్తారు అని. 2003 విద్యుత్ చట్టంలో 56వ సెక్షన్ ప్రకారం బకాయి ఉంటే 15 రోజుల నోటీసిచ్చి కనెక్షన్ తీసెయ్యొచ్చు, తీసేది కాలనీది కాదు, ఒక్కో ఇంటిది. మొదటి నోటీసు రాగానే పదిళ్ళ వాళ్ళు వెళ్ళి కట్టేస్తారు, ఇంకో పదిళ్ళకి ఎలాగూ ఫోన్లో ఆటోపే ఉంటుంది, చివరికి మాట మీద నిలబడ్డవాళ్ళే చీకట్లో మిగుల్తారు. ఆక్సిజన్ మిషను ఉన్న ఇల్లు ఆ పందెంలో ఉండకూడదు, ఇది మాత్రం నేను గట్టిగానే చెప్తున్నా. పైగా రేపు కరెంటు వినియోగదారుల ఫిర్యాదులు వినే ఫోరానికి వెళ్తే మొదటి ప్రశ్న "బకాయిలున్నాయా" అనే. మనం శుభ్రంగా ఉంటేనే అడిగే నోరు గట్టిగా ఉంటుంది.

రోడ్డు మీద కూర్చోవటం. నేను దానికి వ్యతిరేకిని కాదు. కరెంటు కోసం మనవాళ్ళు రోడ్డెక్కటం కొత్త కాదు, చార్జీల పెంపు మీద 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు, ఆ జ్ఞాపకం ఇప్పటికీ మన రాజకీయాల్లో ఉంది. రోడ్డెక్కితే ఒక రాత్రికి పని జరగొచ్చు, నాయకుడెవరో ఫోన్ చేస్తాడు, పై ఆఫీసరు పరుగెత్తుకొస్తాడు, హామీ ఇస్తాడు. కానీ చేతిలో కాగితం లేకుండా రోడ్డెక్కితే ఆ హామీ వాన పడగానే అందరూ మర్చిపోతారు, కేసులు మాత్రం ఉండిపోతాయి, ఉద్యోగాల వయసులో ఉన్న కుర్రాళ్ళ మీద. ముందు కాగితం నడిచి, గడువు దాటి, అప్పుడూ పలక్కపోతే శాంతిగా కూర్చోండి. అప్పుడు ఆ కూర్చోటానికి బలం ఉంటుంది.

మూడు వేలు. ఇంటికి మూడు వేలు, 64 ఇళ్ళు, లక్షా తొంభై రెండు వేలు, రసీదు లేకుండా, ఎవరో కాంట్రాక్టరు చేతిలో. వద్దమ్మా. ఇప్పటికే కనెక్షన్లున్న ఇళ్ళకి లోడు పెరిగితే లైను పెంచటం డిస్కం, అంటే కరెంటు పంపిణీ కంపెనీ, పని, దాని ఖర్చు మన టారిఫ్‌లోనే వసూలవుతోంది. నిజంగా వినియోగదారులు కట్టాల్సిన పనేదైనా ఉంటే దానికి ఎస్టిమేట్ కాగితం వస్తుంది, డబ్బు డిపార్ట్‌మెంట్ ఖాతాలో పడుతుంది, రసీదొస్తుంది. రేపు ట్రాన్స్‌ఫార్మర్ రాకపోతే ఆ డబ్బు సంగతి అందరూ ముందు సంతకం పెట్టిన టీచరుగారినే అడుగుతారు, ఆ కాంట్రాక్టర్ని కాదు.

డబ్బు కట్టాల్సిన చోటు ఒకటుంది, అది ఎవరికీ నచ్చదు. మీ బిల్లు తీసి చూడండి, కాంట్రాక్టెడ్ లోడ్, అంటే మీరు వాడుకుంటామని రాయించుకున్న లోడు, ఎంతుందో. చాలా ఇళ్ళకి ఇల్లు కట్టినప్పుడు తీసుకున్న ఒకటి రెండు కిలోవాట్లే ఉంటుంది, తర్వాత రెండు ఏసీలు పెట్టినా ఎవరూ మార్పించుకోరు. అంటే ఆఫీసు కాగితాల్లో మీ కాలనీ ఇంకా ఫ్యాన్ల కాలనీయే. కిలోవాట్‌కి ఇంత అని కట్టి లోడు పెంచుకుంటే ఆ రసీదులే మీకు సాక్ష్యం, "ఇదిగో మా లోడు, ఇదిగో మీ 63 కేవీఏ" అని చూపించొచ్చు. అందరూ కట్టరు, ఇరవై ఇళ్ళు కట్టినా చాలు. కాంట్రాక్టరుకి ఇచ్చే మూడు వేలు ఇక్కడ పెడదామని మీటింగులో చెప్పి చూడండి.

కాగితం ఎలా ఉండాలంటే, మూడు వందల రూపాయలకి ప్లగ్గులో పెట్టే వోల్టేజీ మీటరు దొరుకుతుంది, అది కొని పది రోజులు రాత్రి 7కి, 9కి, 11కి ఫోటో తియ్యండి. 230 వోల్టులకి ఆరు శాతం అటూ ఇటూ ఉండొచ్చు, అంటే 216 లోపు వస్తే అది మీ ఊహ కాదు, ప్రమాణం తప్పినట్టు. ఫోటోలు తీసే పని కాలర్ పట్టుకున్న కుర్రాడికే అప్పజెప్పండి, నిజంగా. వాడికి కోపం ఉంది, ఫోన్ ఉంది, రాత్రి మేలుకునే ఉంటాడు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పోలు మీద పెయింటుతో ఎస్ఎస్ నంబరు, అంటే ఆ ట్రాన్స్‌ఫార్మర్ గుర్తింపు నంబరు, రాసి ఉంటుంది, అది రాసుకోండి. 64 సర్వీస్ నంబర్లు, సంతకాలు, కాలిపోయిన వస్తువుల వివరం, మామయ్యగారి డిశ్చార్జ్ సమ్మరీ కాపీ. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారి పేర లెటర్, ఆయన పై ఆఫీసరు ఏడీఈ గారికి కాపీ, మీ కాపీ మీద ముద్ర. ముద్ర వెయ్యకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. ఇక మీదట కరెంటు పోయిన ప్రతిసారీ లైన్‌మ్యాన్‌కి కాకుండా 1912కి చేసి కంప్లైంట్ నంబరు రాసుకోండి. మీరు ఇన్నేళ్ళు ఆ పిల్లాడికి చేసిన వందల ఫోన్లు ఎక్కడా లేవు, రికార్డులో మీ కాలనీలో కరెంటు పోనేలేదు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే టౌన్లలో 24 గంటల్లో, పల్లెల్లో 48 గంటల్లో మార్చాలని నియమం ఉంది, అలాంటి గడువులు తప్పితే పరిహారం కూడా అడగొచ్చు, పెద్ద మొత్తం కాదు గానీ అడిగితే ఫైలు కదుల్తుంది. సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీద వేసవిలో నమోదైన గరిష్ట లోడు ఎంత, కెపాసిటీ పెంచే ప్రతిపాదన ఏమన్నా వెళ్ళిందా అని అడగండి, 30 రోజుల్లో చెప్పాలి. అప్పటికీ కదలకపోతే వినియోగదారుల ఫోరం, అదే సీజీఆర్ఎఫ్, మూడు డిస్కంలకీ ఉంది, తిరుపతిలో, విజయవాడలో, విశాఖలో. లాయరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. వాళ్ళు కూడా న్యాయం చెయ్యలేదనిపిస్తే పైన అప్పీలు వినే విద్యుత్ అంబుడ్స్‌మన్.

ఇప్పుడు నాలుగోది, బావగారు. ఇందాకట్నుంచి మీరు దీని కోసమే చూస్తున్నారని తెలుసు.

మీ భయం నిజమే. ఇంత గట్టిగా కాగితం పెడితే ఒక సాయంత్రం తీగలో ఎంత కరెంటు పోతోందో కొలిచే టాంగ్ టెస్టర్ పట్టుకుని వస్తారు, ఏ లైను ఎంత లాగుతోందో చూస్తారు, వాటర్ ప్లాంటు దాచిపెట్టే వస్తువు కాదు, రోజూ ఆటోల్లో డబ్బాలు వెళ్తూనే ఉంటాయి. కానీ ఇందులో రెండు వేరువేరు విషయాలున్నాయి, మీరు రెండింటినీ దొంగతనమే అనుకుంటున్నారు. ఇంటి మీటరు మీద వ్యాపారం నడపటం అదే విద్యుత్ చట్టంలో 126వ సెక్షన్, అంటే లెక్క కట్టి మామూలు రేటుకి రెండింతలు వసూలు చేస్తారు, ఎప్పట్నుంచో తేలకపోతే వెనక్కి 12 నెలలకి. డబ్బు పోతుంది, పరువు పెద్దగా పోదు. మీటర్ దాటించి లాగితే మాత్రం 135, అది క్రిమినల్ కేసు, రాజీ చేసుకునే వీలు జీవితంలో ఒక్కసారే. మొదటిది ఉందని ఊళ్ళో అందరికీ తెలుసు. రెండోది ఉందో లేదో మీకు తెలియదు, ఆ పిల్లాడికీ డౌటే. కాబట్టి ఆ రెండో మాట మీ నోట్లోంచి ఎక్కడా రాకూడదు, మీ భర్త దగ్గర కూడా ఆ పిల్లాడి పేరు రాకూడదు. కాంట్రాక్టు ఉద్యోగం, ఒక్క ఫోన్‌తో పోతుంది.

మీకున్న దారులు ఇవి. చెప్పకుండా కాగితం పెట్టెయ్యొచ్చు, తప్పేం కాదు, కానీ ఆయన దొరికిన రోజు "తమ్ముడి పెళ్ళాం పట్టించింది" అనే మాట పుడుతుంది, అది పొలం పంపకాల్లోకి వస్తుంది, మామయ్యగారి తర్వాతి హాస్పిటల్ బిల్లులోకి కూడా వస్తుంది. మీ తోటికోడలి ద్వారా చెప్పించొచ్చు, మీ ఇద్దరికీ బాగానే ఉంటుందని రాశారు, కానీ అన్నదమ్ముల మాట ఆడవాళ్ళ మధ్య నడిస్తే చివరికి నింద మీ ఇద్దరి మీదే పడుతుంది. మామయ్యగారి చేత చెప్పిస్తే బావగారు కాదనలేరు, అది నిజమే, కానీ ఊపిరందని మనిషి కొడుకుని బతిమాలాల్సిన పని పెట్టకండి, ఆయనకి ఆ సంగతి తెలియకుండా ఉంటేనే మంచిది, ఇప్పటికే తెలిసి ఊరుకున్నారేమో కూడా.

నాకైతే మీ ఆయనే వెళ్ళాలనిపిస్తోంది. "కదిలించకు" అంటున్నారంటే అన్నకి బాకీ ఉన్నానన్న మొహమాటం, అర్థం చేసుకోదగ్గదే. ఆయనకి మీరు చెప్పాల్సింది అన్న మీద ఫిర్యాదు కాదు, "మీటింగులో సంతకాలవుతున్నాయి, పది పదిహేను రోజుల్లో ఇన్‌స్పెక్షన్‌కి వస్తారు, ముందే చెప్తే బావగారు ప్లాంటుకి వేరే మీటరు పెట్టించుకుంటారు, చెప్పకపోతే మనమే దొరికించినట్టు అవుతుంది" అని. ఇందులో అబద్ధం లేదు, దెప్పటమూ లేదు. అన్నదమ్ములిద్దరూ వినే భాష ఇదే. ఆయన తనంతట తనే వెళ్ళి ప్లాంటుకి సరైన కేటగిరీలో కనెక్షన్ పెట్టించుకుంటే వచ్చే నెల బిల్లు పెరుగుతుంది, అంతే. పైగా ఆయన వ్యాపారానికి కూడా మంచి వోల్టేజీ కావాలి, ప్లాంటు మోటార్లు కాలితే వైండింగ్ ఖర్చు ఎవరిది?

మీ ఆయన ఎంత చెప్పినా వెళ్ళనంటే? అప్పుడు మీరు ఆగకండి. కాగితం పెట్టండి, ముందు రోజు బావగారికి మీరే ఫోన్ చేసి "కాలనీ తరఫున లెటర్ ఇస్తున్నాం బావగారూ, మామయ్యగారి మిషను కోసం నేనూ సంతకం పెడుతున్నా, మీకు ముందు చెప్పాలని చేశాను" అనండి, ప్లాంటు మాట ఎత్తకుండా. ఆయన తెలివైనవాడే, అర్థమవుతుంది. ఆ తర్వాత పదిహేను రోజుల్లో ఆయన ఏం చేసుకుంటారన్నది ఆయన ఇష్టం. కోపం రావచ్చు, కొన్నాళ్ళు రాకపోకలు తగ్గొచ్చు, అది తప్పించటం మీ చేతుల్లో లేదు.

ఆదివారం మీటింగు గుడి అరుగు మీద పెట్టించండి, ఫోన్లో వద్దు. ఎదురుగా కూర్చుంటే ఎవరూ "డిపార్ట్‌మెంట్ మనిషి" అనరు. శనివారమే మీ ఆయన అన్నగారింటికి వెళ్ళొచ్చేట్టు చూసుకోండి. లెటర్లో సంతకాలు ఇంటి నంబర్ల వరసలో పెట్టించండి, అప్పుడు మీది చివరి పోలు కాబట్టి చివర్లోనే వస్తుంది, ముందు నువ్వంటే నువ్వన్న గొడవే ఉండదు. సోమవారం ఆఫీసుకి ఒక్కరే వెళ్ళకండి, ముగ్గురు వెళ్ళండి, అందులో ఆ ఫోటోల కుర్రాడు ఉండాలి. పొద్దున్నే వెళ్తే ఏఈ గారు దొరుకుతారు, పొద్దెక్కితే లైన్ల మీదకెళ్ళిపోతారు, మీకు స్కూలుకి లేటవుతుంది.